నిచ్చెన బండిలో నా కంచం

ఎక్కిన రోజు, సాయంత్రం

నఫీసా గారూ, మీరు చెప్పినట్టే రాస్తున్నాను. అంకెలు రాయొద్దన్నారు, రాయను. ఏం తిన్నానో, ఎవరి పక్కన కూర్చుని తిన్నానో, తినేటప్పుడు బుర్రలో ఏ గొంతు ఏమన్నదో రాయమన్నారు. మొదటి రెండూ తేలికే. మూడోది పూర్తిగా రాస్తే మీరు నా కేసు ఇంకో డైటీషియన్‌కు అప్పగించి చేతులు కడుక్కుంటారు.

సముద్రం మధ్యనున్న దిమ్మ మీద నుంచి పొద్దున బండి కదిలింది. కంపెనీవాళ్ళు దీనికి 'ఊర్ధ్వ విహార్' అని పేరు పెట్టారు. ఎక్కినవాళ్ళందరూ నిచ్చెన బండి అంటున్నారు. తీగ పట్టుకుని ఆకాశంలోకి పాకుతుంది. పై స్టేషను చేరడానికి నెల పడుతుంది. వారంలో చేర్చే బండ్లున్నాయి గానీ, చరిత్ర పాఠాలు చెప్పేవాళ్ళకు ఇచ్చే టికెట్టు ఇదే. కింద చరిత్ర ఎవరికీ అక్కర్లేకుండా పోయాక, పైన పుట్టి పెరుగుతున్న పిల్లలకు కింద ఏం జరిగిందో చెప్పాలని ఎవరికో తోచింది. అలా నాకు ఉద్యోగం వచ్చింది.

లోపలికి రాగానే హాల్లో బంగారు రంగు తూకం యంత్రం కనిపించింది. భూమికి దూరమయ్యేకొద్దీ ఒంటి బరువు తగ్గుతుంది కదా, అది తమ ఘనకార్యమైనట్టు కంపెనీ అమ్ముకుంటోంది. రోజూ ఎక్కి నిలబడితే ఎంత తగ్గారో చెప్పి సర్టిఫికెట్ ఇస్తారు. చప్పట్ల రికార్డు కూడా వేస్తారు. మధ్యాహ్నానికే పెద్ద క్యూ. చేతిలో గారె పట్టుకుని, అది నములుతూనే బరువు తగ్గిన మనుషులను కళ్ళారా చూశాను. ఇరవై ఏళ్ళు ఆకలి పోసి నేను కొనుక్కున్నది వీళ్ళకు టికెట్టుతోపాటు ఉచితం.

మీకిచ్చిన మాట ప్రకారం తల దించుకుని దాని పక్కనుంచి దాటాను. అంకె చూడలేదు.

భోజనశాలలో అందరికీ మనుషులే గరిటెలతో వడ్డిస్తారు. నాలాంటి వైద్య భోజనం వాళ్ళకు మాత్రం వేరే గూడు, అందులో ఒక యంత్రం. నాలాంటి వాళ్ళు ఈ బండిలో నేనొక్కదాన్నే. యంత్రం పేరు 'అమ్మచేయి'. మీరు పంపిన కొలత దానికి తెలుసు. కంచాన్ని పీట మీద పెడితే అన్నం, పప్పు, కూర తూచి పెట్టి, "పెట్టానమ్మా, తిను" అంటుంది. ఆ గొంతు ఎవరి అమ్మదో గానీ, ఆవిడకు ఆఫీసు టైమవుతున్నట్టుంది.

పై స్టేషను డాక్టర్ల షరతు మీకు తెలిసిందే. వరసగా మూడు కంచాలు మిగిలిస్తే తిండి మానేసే నా జబ్బు తిరగబెట్టినట్టు లెక్క. ఐదో రోజున వచ్చే మొదటి మజిలీలో నన్ను దింపి, కిందికి పోయే బండి ఎక్కిస్తారు. నా ఉద్యోగం ఇంకొకరికిస్తారు.

అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, పెరుగు. మిగల్చలేదు. పక్కన మంగళగిరి దంపతులు పానకాలరావు గారూ త్రివేణి గారూ కూర్చున్నారు. ఆయన కరెంటు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. భార్య మోకాళ్ళ నొప్పి తగ్గితే ఆమె ఎత్తు బెల్లం తూచి ఇస్తానని మొక్కుకున్నారట. నొప్పి తగ్గిందట.

"కింద తూచితే ఎంత బెల్లం కావాలో తెలుసా అమ్మాయ్?" అన్నారాయన గొంతు తగ్గించి. "అదే ఇక్కడైతే నాలుగో రోజుకల్లా మీ పిన్ని మూడో వంతు మనిషవుద్ది. మూడో వంతు బెల్లంతో పనైపోద్ది. బెల్లం, త్రాసు రెండూ తెచ్చా. తూచేసి పై స్టేషను గుళ్ళో ఇచ్చేయడమే."

"మోకాలు నాది, మొక్కు ఈయనది," అంది త్రివేణి గారు. "కక్కుర్తి మాత్రం ఇద్దరికీ చుట్టుకునేట్టుంది."

రెండో రోజు

కంచం పెద్దదైంది.

కంచం కాదు, కంచంలోది. నిన్న పప్పుకీ వంకాయ కూరకీ మధ్య సందు ఉండేది. ఇవాళ పప్పు గట్టు తెంచుకుని కూరలోకి పోయింది. అన్నం మీద అన్నం కూర్చుని ఉంది. "పెట్టానమ్మా, తిను."

వెంటనే లోపలి గొంతు లేచింది. చూశావా, ఇది నిన్నటి కంటే చాలా ఎక్కువ, నీ మీద కుట్ర జరుగుతోంది, అంది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మీరు నేర్పారు కదా. కంచం కొండలా కనిపిస్తే ఆ కొండ కంచంలో లేదు, నా కంట్లో ఉంది. సరే. చేత్తో ఎత్తి చూశాను, నిన్నటి బరువే. కంటికి కొండ, చేతికి నిన్నటి కంచమే. జబ్బు ఎప్పుడూ కంటి మీదే కాపురం పెడుతుంది కాబట్టి చేతినే నమ్మాను. కూర్చుని తిన్నాను. అందరూ లేచిపోయి, బల్లలు తుడిచి, నా బల్ల చుట్టూ కూడా తుడిచేదాకా తిన్నాను.

త్రివేణి గారు లేస్తూ నా కంచంలోకి తొంగి చూసింది. "నీకేంటమ్మా హైమా, ఇంతింత! మాకేమో గరిటె ఝాడించి మరీ కొలిచి పోస్తున్నారు."

నా కంచం గురించి ఇతరులు చేసే వ్యాఖ్యలను గాలికి వదిలేయాలన్నది మీ రెండో సూత్రం. గాలికి వదిలేశాను. గాలి కూడా డొక్కలో పట్టేంత ఖాళీ లేదు.

ఇవాళ హాల్లో పాట పెట్టారు. బరువు తగ్గిన వాళ్ళందరూ వలయంగా నిలబడి గెంతుతున్నారు. గెంతితే కిందికి రావడానికి కాస్త ఆలస్యమవుతోంది. ఎవరో పెద్దాయన సర్టిఫికెట్టు గుండెకు హత్తుకుని, "ఇన్నాళ్ళూ డాక్టర్లు నన్ను మోసం చేశారు" అంటున్నాడు.

మూడో రోజు

మీ జవాబు అందింది. 'ప్రయాణంలో కళ్ళు మరీ మోసం చేస్తాయి. కంచంతో చర్చకు దిగొద్దు. బాగా చేస్తున్నారు.' మూడు సార్లు చదువుకున్నాను.

ఉప్మా. ఇడ్లీ అయితే మనిషన్నవాడికి ఇన్ని అని తెలిసిపోయేది. అమ్మచేయికి ఆకారమున్న వంటలేవీ చేతకావు. తోడిపోయడమే దాని విద్య. కంచం అంచు దాటి పీట మీద పడింది ఉప్మా. కళ్ళనీళ్ళు పెట్టుకుని తినేశాను.

మధ్యాహ్నం చర్చకు దిగాను, క్షమించండి. కంచంతో కాదు లెండి, భోజనశాల మేనేజరుతో. ఆయన పేరు సైమన్ రాజు, అమలాపురం మనిషి. మర్యాదస్తుడు. ఎంత మర్యాద అంటే, ఆయన కాదన్నా మనకు అవునన్నట్టే వినిపిస్తుంది.

"యంత్రం ఎక్కువ పెడుతోందండి," అన్నాను.

"ఆయ్. అలాగే అంటారని తెలుసండి."

"ఎలా తెలుసు?"

"మీ ఫైల్లో ఉందండి మేడంగారూ." తెర మీద తీసి చూపించాడు. 'ఈమె ఎక్కువైందని అంటారు. నమ్మవద్దు. ఓర్పుగా కూర్చోబెట్టండి.' కింద మీ సంతకం.

"కానీ నిజంగానే ఎక్కువండి."

"ఆయ్, నిజంగానే అని కూడా అంటారని రాశారండి. రెండో పేజీలో." చాలా నొచ్చుకుంటూ చెప్పాడు. "మిషను పీట మీద కొలత చూసుకోండి. మీ డాక్టరుగారు రాసిందీ అదీ వెంట్రుకవాసి తేడా లేదండి."

కొలత వైపు చూడకుండా తల తిప్పుకున్నాను, అంకెలు నాకు నిషేధం కదా. అయినా ఆయన అబద్ధమాడే మనిషి కాదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా తనూ కూర్చున్నాడు. ఓర్పుగా. అలా ఓర్పుగా చూసే మనిషి ఎదుట అన్నం నమలడం ఎంత కష్టమో మీరు ఫైల్లో రాయలేదు.

రాత్రి భోజనం మిగిలిపోయింది. కడుపు నొప్పి పుట్టి ఆపేశాను. ఆపింది కడుపా, జబ్బా? నలభై మూడేళ్ళు వచ్చినా, గోల్డు మెడల్ తెచ్చుకున్నా, నా పొట్ట నిండిందో లేదో ఇంకొకరిని అడిగి తెలుసుకోవాల్సిన మనిషిని నేను. అమ్మచేయి ఎర్ర దీపం వెలిగించి ఒకటో గుర్తు వేసుకుంది.

నాలుగో రోజు, పొద్దున

రెండో గుర్తు. సగం కూడా తినలేకపోయాను.

మధ్యాహ్నం కూడా మిగిలితే రేపు దిగే బండి. లోపలి గొంతుకు ఇవాళ మహా సంబరంగా ఉంది. దిగిపోదాం, మళ్ళీ మనిద్దరమే ఉందాం, ఎవరూ కొలవరు, అంటోంది. ఎంత ప్రేమగా అంటోందో.

నాలుగో రోజు, మధ్యాహ్నం

వరసగా రాయాలి.

పదకొండింటికి హాల్లో తులాభారం పెట్టారు. పానకాలరావు గారు తెచ్చింది పాతకాలం త్రాసు. మధ్యలో కాడి, రెండు వైపులా గొలుసులు, పళ్ళేలు. పట్టుచీర కట్టుకుని త్రివేణి గారు ఒక పళ్ళెంలో కూర్చుంది. ఆయన రెండో పళ్ళెంలో బెల్లం దిమ్మలు ఒక్కొక్కటే పేర్చడం మొదలుపెట్టారు. జనం చప్పట్లు.

తెచ్చిన బెల్లమంతా అయిపోయింది. త్రివేణి గారు నేల విడవలేదు.

"కొంచెం తేలిగ్గా కూర్చోవే," అన్నారాయన.

"తేలిగ్గా ఎట్టా కూర్చుంటారండీ? ఊపిరి బిగపట్టనా?"

ఆవిణ్ణి దింపి బంగారు యంత్రం మీద నిలబెట్టారు. అంకె నేను చూడలేదు గానీ ఆయన కేక విన్నాను. "మూడో వంతే చూపిస్తోంది! కరెక్టే! మరి ఇక్కడేం రోగం?" మళ్ళీ పళ్ళెంలో కూర్చోబెట్టారు. మళ్ళీ అంతే. త్రాసు కుదరలేదన్నారు, గొలుసు పట్టేసిందన్నారు, ముహూర్తం చూడలేదన్నారు. సర్టిఫికెట్టు పెద్దాయన బెల్లంలో కల్తీ ఉందన్నాడు.

చివరికి పానకాలరావు గారి చూపు నా మీద పడింది. "అమ్మాయ్, నువ్వొకసారి కూచో. సన్నగా ఉంటావు, నీకు సరిపోద్దేమో చూద్దాం, త్రాసు సంగతి తేలిపోద్ది."

"నేను కూర్చోను బాబాయిగారూ."

"అయ్యో, దీన్లో ఏముందమ్మా..."

"వద్దందిగా!" అని త్రివేణి గారు పళ్ళెంలోంచే గద్దించింది. "దేవుణ్ణి మోసం చేద్దామని ఎక్కారు. దేవుడేమన్నా కిందే ఉండిపోయాడనుకున్నారా? నాతోపాటు బెల్లం కూడా ఎక్కిందిగా బండి!"

ఆవిడ తిట్టడానికే అంది. నాకు మాత్రం అక్కడే కాలు నిలిచిపోయింది.

ఆవిడతోపాటు బెల్లం కూడా తేలికైంది. రెండు పళ్ళేలూ సమానంగా తేలికైతే త్రాసుకు తేడా ఏం తెలుస్తుంది? తేడా తెలిసేది బంగారు యంత్రానికే. దాని పీట కింద స్ప్రింగు ఉంటుంది. మనిషి ఎంత నొక్కితే అంతే చెబుతుంది. మనిషి తగ్గలేదు, నొక్కుడు తగ్గింది.

అమ్మచేయి పీట కింద ఉన్నదీ స్ప్రింగే.

అన్నం కూడా బండి ఎక్కింది. అన్నం కూడా తేలికైంది. స్ప్రింగు పాత లెక్క ప్రకారం నొక్కుకునేదాకా ఆ యంత్రం పోస్తూనే ఉంటుంది. పైకి పోయేకొద్దీ ఇంకా ఇంకా పోస్తుంది. కొలత వెంట్రుకవాసి తేడా లేకుండా చూపిస్తుంది. నా చేతికి మామూలు బరువులాగే ఉంటుంది. ఈ బండి మొత్తంలో ఆ సంగతి కనిపెట్టినవి నా కళ్ళూ, త్రివేణి గారి కళ్ళూ. వాటినే నమ్మొద్దని నాకు నేర్పారు.

వెంటనే పరుగెత్తలేదు నఫీసా గారూ. మెట్ల దగ్గర కూర్చుండిపోయాను. ఎందుకంటే నా జబ్బు కూడా నాతోపాటే ఎం.ఏ. చదివింది. ముద్ద ముద్దకూ అడ్డం పడడానికి అది తెచ్చిన వాదనల్లో తెలివితక్కువది ఇంతవరకూ ఒక్కటీ లేదు. ఒకప్పుడు వైద్యం తెచ్చింది, ఉపవాసాల గురించి శాసనాలు తెచ్చింది, ప్రపంచంలో ఆకలిగొన్నవాళ్ళ మీద జాలి కూడా తెచ్చింది. ఇప్పుడు భౌతికశాస్త్రం తెచ్చిందేమో! మూడో కంచం ముందు, సరిగ్గా వేళకు ఇంత చక్కటి సిద్ధాంతం దొరకడం నాకే అనుమానంగా ఉంది.

అందుకని నాకు నేనే ఒక షరతు పెట్టుకుని లేచాను.

"సైమన్ రాజు గారూ, బండి ఆగిపోతే పనికొచ్చే పొట్లాలు ఉంటాయి కదా, కింద కట్టి సీలు వేసినవి. వాటిల్లో వైద్య భోజనం ఉందా?"

"ఆయ్, ఉన్నాయండి. మీ కొలతవే, డాక్టరుగారు కట్టించినవే."

"ఆ పొట్లం ఒక పళ్ళెంలో పెట్టండి. అమ్మచేయి ఇప్పుడు పెట్టింది ఇంకో పళ్ళెంలో పెట్టండి, బాబాయిగారి త్రాసులో. రెండూ సరితూగితే నోరెత్తకుండా మొత్తం తింటాను. మీరు ఓర్పుగా కూర్చోండి."

ఆయన రెండో పేజీ తీసి చూశాడు. త్రాసు గురించి అందులో ఏమీ లేదు.

హాలంతా మూగింది. ఒక పళ్ళెంలో సీలు పొట్లం, ఇంకో పళ్ళెంలో విస్తరాకు పరిచి దాని మీద నా మధ్యాహ్న భోజనం. కాడి వదిలారు. భోజనం వైపు పళ్ళెం ఠంగున నేలకు తగిలింది.

సైమన్ రాజు ఇంకో పొట్లం తెచ్చి వేశాడు. కదల్లేదు. ఆయన ముఖంలో మర్యాద కొంచెం కొంచెంగా వెలిసిపోతోంది. మూడో పొట్లం వేశాక కాడి లేచి, ఊగి, నిలబడింది.

"మూడు కంచాలు పెట్టి," అంది త్రివేణి గారు, "ఒకటి తినలేకపోయిందని రాసుకున్నారా అయ్యా?"

"ఇది మా అమలాపురం ఫంక్షన్ హాల్లో పదేళ్ళు చేసిన మిషనండి," అన్నాడు సైమన్ రాజు నీరసంగా. "అక్కడ ఎప్పుడూ తప్పు చెప్పలేదండి."

"అమలాపురం పైకి పాకదు కదండీ," అన్నాను. నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఎక్కువైంది అని నేను ఇరవై ఏళ్ళుగా అంటున్నాను. అది నిజమవడం ఇదే మొదటిసారి. ఇప్పటిదాకా చెప్పిన అబద్ధాలన్నీ కలిసి ఈ ఒక్క నిజాన్ని తినెయ్యబోయాయి.

ఒక పొట్లం విప్పి, కూర్చుని తిన్నాను. మిగల్చలేదు. రెండు గుర్తులూ కొట్టేశారు.

పానకాలరావు గారు ఒక్కరే ఇంకా త్రాసు దగ్గర నిలబడి ఉన్నారు. "అయితే మొత్తం బెల్లం ఇయ్యాల్సిందేనా?" అని ఎవరినో అడుగుతున్నారు. ఎవరినో నాకు తెలియలేదు.

ఐదో రోజు

మజిలీ వచ్చింది, పోయింది. నేను బండిలోనే ఉన్నాను.

కంపెనీవాళ్ళు క్షమాపణ చెప్పలేదు. అమ్మచేయిని నా గూట్లోంచి హాల్లోకి మార్చి, 'ఊర్ధ్వ విందు: ఎత్తుకు తగ్గ వడ్డన' అని బోర్డు పెట్టారు. పొద్దున బంగారు యంత్రమెక్కి తగ్గామని చప్పట్లు కొట్టించుకున్నవాళ్ళే ఇప్పుడు దాని ముందు కంచాలతో క్యూ కట్టారు.

మీ జవాబు చూశాను. కళ్ళను నమ్మొద్దని నేర్పాను గానీ ఎప్పుడు నమ్మాలో నేర్పలేదు, తప్పు నాది, అన్నారు. మీరు తప్పు ఒప్పుకోగానే నాకు భయమేసింది. నా బుర్రను కొన్నాళ్ళు మీ దగ్గర దాచుకున్నాను, ఇప్పుడే తిరిగి తీసుకోమంటే ఎలా? ఇకమీదట గరిటె లెక్కన వడ్డించుకోమని, అన్నానికిన్ని, పప్పుకిన్ని అని రాసి, చివర్న 'ఆపైన మీ ఆకలి' అన్నారు. తేలిగ్గా రాశారు ఆ మాట. పై స్టేషనులో దేనికీ బరువే ఉండదట, ఈ పాత త్రాసు కూడా అక్కడ ఊరికే వేలాడుతుందట. అంటే రెండేళ్ళు నేనుండబోయే చోట నన్ను కొలిచే వస్తువు ఒక్కటీ ఉండదు. ఈ మాట వినగానే పండగ చేసుకోవాల్సింది. దానికి బదులు మీరు రాసిన గరిటెల లెక్క మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

మధ్యాహ్నం సైమన్ రాజు గారే గరిటె పట్టుకుని నిలబడ్డాడు. మీరు రాసినన్ని గరిటెలు వేసి ఆగాడు. కంచంలో పప్పుకీ కూరకీ మధ్య సందు కనిపించింది. లోపలి గొంతు మామూలుగానే తన పాఠం అప్పజెప్పింది. విన్నాను, తిన్నాను. మొత్తం తిన్నాను.

తిని కూర్చున్నాను. ఏదో తేడాగా ఉంది. నొప్పి కాదు, బరువు కాదు. భయమా అని చూసుకున్నాను, కాదు. జబ్బు వేషం మార్చిందా అని అన్ని వైపుల నుంచీ అనుమానించాను. త్రివేణి గారు నీళ్ళు తాగుతూ, "ఏంటమ్మా అట్టా చూస్తున్నావ్, ఖాళీ కంచంలోకి?" అంది.

కంచం తీసుకుని మళ్ళీ వడ్డన దగ్గరకు వెళ్ళాను.

"ఇంకో గరిటె అన్నం, కొంచెం పప్పు వెయ్యండి," అన్నాను.

సైమన్ రాజు గరిటె గాల్లోనే ఆపేశాడు. ఎడమ చేత్తో తెర మీద నా ఫైలు తెరిచి, మొదటి పేజీ, రెండో పేజీ, మళ్ళీ మొదటి పేజీ చూశాడు. పాపం, చాలా కంగారు పడ్డాడు.

"మీరిలా అడుగుతారని ఇందులో ఎక్కడా రాయలేదండి మేడంగారూ."

"రాసి ఉండదు లెండి," అన్నాను. "వెయ్యండి, చల్లారిపోతోంది."